పోయినవాడి మీద నింద, ఉన్నవాడికి నోటీసు

1979 నవంబరు 27 రాత్రి కెప్టెన్ జిమ్ కాలిన్స్ తన ఇంట్లో అట్లాసు, మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లారితే ఎయిర్ న్యూజీలాండ్ డీసీ-10లో అంటార్కిటికా చూడ్డానికి బయల్దేరే జనాన్ని తీసుకెళ్ళాలి. 18 రోజుల కిందట కంపెనీ బ్రీఫింగులో చూపించిన దారిని మ్యాపు మీద గీసుకున్నాడు. ఆ గీత మెక్‌మర్డో సౌండ్ అనే వెడల్పాటి సముద్రపు పాయ మీదుగా పోతుంది. ఎరెబస్ అగ్నిపర్వతం ఎడమవైపు ఎక్కడో దూరంగా ఉండిపోతుంది.

ఆ అర్ధరాత్రి దాటాక కంపెనీ కంప్యూటర్‌లో ఒక అంకె మారింది. ఏడాదికి పైగా రేఖాంశం 166 ఉండాల్సిన చోట 164 అని తప్పు పడి ఉంది. అంతకుముందు వెళ్ళిన విమానాలు ఆ తప్పు అంకెతోనే, పాయ మీదుగా, క్షేమంగా వెళ్ళి వచ్చాయి. కాలిన్స్‌కు బ్రీఫింగులో చూపించిందీ అదే. ఇప్పుడు దాన్ని సరిదిద్దారు. సరిదిద్దగానే విమానం వెళ్ళే దారి 27 నాటికల్ మైళ్ళు పక్కకు జరిగి నేరుగా ఎరెబస్ మీదికి వచ్చింది. ఈ సంగతి కాలిన్స్‌కు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే సిబ్బంది కొత్త అంకెల్ని విమానం కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని బయల్దేరారు. మధ్యాహ్నం, తెల్లటి మబ్బు కింద తెల్లటి మంచు వాలు కలిసిపోయి ముందంతా ఖాళీ ఆవరణలా కనిపిస్తుండగా, విమానం కొండను గుద్దుకుంది. హెచ్చరిక మోగింది గుద్దుకోవడానికి ఆరు సెకన్ల ముందు. 257 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

1980లో ప్రభుత్వ ప్రమాద పరిశోధకుడు రాన్ చిప్పిండేల్ నివేదిక ఇచ్చాడు. తామెక్కడున్నామో రూఢిగా తెలియకుండానే, ముందున్నది స్పష్టంగా కనిపించని చోటికి, తక్కువ ఎత్తులో సాగిపోవాలన్న కెప్టెన్ నిర్ణయమే ప్రమాదానికి కారణం కావచ్చని తేల్చాడు. కథ అక్కడితో అయిపోయేదే. జనం ఒత్తిడి మీద రాయల్ కమిషన్ అనే న్యాయ విచారణ సంఘాన్ని వేయడం వల్ల అవలేదు. ఆ విచారణ జరిపిన జస్టిస్ పీటర్ మహోన్ ఆ అంకె వెనక్కి వెళ్ళాడు. ప్రమాదం తర్వాత ఒక్క ఫైలు ఉంచుకుని మిగతా కాపీలు నాశనం చెయ్యమని కంపెనీ ముఖ్యాధికారి ఆదేశించాడని బయటపడింది. కాలిన్స్ చేతిరాత నోట్సు ఉన్న బైండర్ మంచులో దొరికింది గానీ, కుటుంబానికి చేరేటప్పటికి అందులో కాగితాలు లేవు. తక్కువ ఎత్తులో ఎగరడం నిషిద్ధమని కంపెనీ వాదించింది, కానీ ముందు వెళ్ళిన విమానాలు తక్కువ ఎత్తులోనే వెళ్ళాయి, ఆ విషయం కంపెనీ ప్రచార కాగితాల్లోనే అచ్చయింది. 1981 ఏప్రిల్లో మహోన్ నివేదిక వచ్చింది. సిబ్బందికి చెప్పకుండా దారి మార్చడమే ప్రధాన కారణమని రాశాడు. కంపెనీ అధికారుల సాక్ష్యాన్ని అందరూ కూడబలుక్కుని వరసపెట్టి ఆడిన అబద్ధాలుగా వర్ణించాడు.

అప్పుడు కంపెనీ కోర్టుకెళ్ళింది. విమానం ఎందుకు కూలిందన్న దాని మీద కాదు. ఆ అబద్ధాల పేరా మీద, తమ మీద వేసిన లక్షన్నర డాలర్ల ఖర్చుల మీద. కోర్టులో నెగ్గింది కూడా. ఆరోపణలు ఎదుర్కొన్న అధికారులకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా అంత మాట అనకూడదని 1983లో, అప్పట్లో న్యూజీలాండ్‌కు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా తీర్పులు వచ్చాయి. ఆ న్యాయసూత్రం తప్పని నేననను. అయితే ప్రమాద కారణం గురించి మహోన్ తేల్చిన విషయాన్ని ఏ కోర్టూ కొట్టెయ్యలేదు. అయినా జనంలోకి వెళ్ళిన వార్త 'మహోన్ నివేదిక చెల్లదట' అన్నదే. అప్పటికే ఆయన జడ్జి పదవి వదులుకున్నాడు, 1986లో చనిపోయాడు. ఆ నివేదికను న్యూజీలాండ్ పార్లమెంటు ముందు లాంఛనంగా పెట్టింది 1999లో. ప్రభుత్వం తరఫున ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పింది 2019లో, సరిగ్గా నలభై ఏళ్ళకి.

విమాన ప్రమాదాల నివేదికలు చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఎన్ని చదివినా ఎరెబస్ దగ్గరికే తిరిగొస్తాను. ఎందుకంటే పైలట్ మీద తప్పు తోసెయ్యడం, విమర్శించినవాడిని కోర్టుకు ఈడవడం అనే రెండు పనుల్నీ మనం రెండు వేర్వేరు జబ్బులుగా మాట్లాడుకుంటాం. మొదటిది దర్యాప్తుకు సంబంధించిందనీ, రెండోది వాక్ స్వాతంత్ర్యానికి సంబంధించిందనీ. నా దృష్టిలో రెండూ ఒకే పని. కంపెనీకి తెలిసిన విషయం కంపెనీ గోడలు దాటకుండా చూడటమే ఆ పని. చనిపోయినవాడి విషయంలో దానికి నివేదికలో ఒక వాక్యం చాలు. బతికి ఉన్నవాడికైతే లాయరు కావాలి.

పోయినవాడి కళ్ళు చారెడు అంటారు. పైలట్ విషయంలో ఈ సామెత తిరగబడుతుంది. ప్రమాదం జరిగిన రెండో రోజుకే ఆయన ఫొటో, వయసు, విడాకులు అయ్యాయా, మందులేమైనా వాడేవాడా అన్నీ టీవీలో వచ్చేస్తాయి. ఆ తొందర వెనక లెక్కలున్నాయి. పైలట్ తప్పిదం అని తేలితే తయారీ కంపెనీ అదే విమానాన్ని అమ్ముకుంటూ పోవచ్చు. విమానయాన సంస్థ డ్యూటీ షెడ్యూళ్ళు ముట్టుకోనక్కర్లేదు. విమానాశ్రయం రన్‌వే గురించి ఆలోచించనక్కర్లేదు. నియంత్రణ సంస్థ తాను పెట్టిన సంతకాలు మళ్ళీ తిరగేసుకోనక్కర్లేదు. ఇంతమందికి ఇంత హాయినిచ్చే మాట ఇంకోటి లేదు. కాదని చెప్పాల్సిన మనిషి బతికి లేడు.

నిజానికి అంతర్జాతీయ నిబంధన దీనికి పూర్తిగా ఎదురు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఏకైక లక్ష్యం మళ్ళీ ప్రమాదం జరగకుండా చూడటం. నింద, బాధ్యత పంచిపెట్టడం దాని పని కాదు. ఈ వాక్యం చాలా నివేదికల మొదటి పేజీల్లోనే అచ్చవుతుంది. తర్వాతి పేజీల్లో దాన్ని ఎంతవరకు పాటించారన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది.

బోయింగ్ కంపెనీ 737 మ్యాక్స్ విమానం సంగతే చూడండి. 2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్ విమానం జకార్తా నుంచి లేచిన కాసేపటికే సముద్రంలో పడింది, 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్ విమానం, 157 మంది. ఆ విమానంలో ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ముక్కు మరీ పైకి లేచిందనిపిస్తే దానంతటదే కిందికి నొక్కుతుంది. ముక్కు కోణం కొలిచే సెన్సర్లు విమానానికి రెండున్నా, అప్పట్లో ఎంకాస్ చూసింది ఒక్కదాన్నే. ఆ ఒక్కటి తప్పు చెబితే మళ్ళీ మళ్ళీ నొక్కుతూనే ఉండేది. అన్నిటికంటే ఘోరమేమిటంటే, పైలట్లకిచ్చే మాన్యువల్‌లో దాని ప్రస్తావనే లేదు.

ఇంత జరిగినా మొదట వినిపించిన మాటలేంటి? ఇండొనేషియా పైలట్లకు శిక్షణ సరిగా ఉండదన్నారు. 2019 మే నెలలో అమెరికా ప్రతినిధుల సభ విచారణలో ఒక సభ్యుడు, అమెరికాలో శిక్షణ పొందిన పైలట్లయితే నెట్టుకొచ్చేవారని అన్నాడు. అంతకు కొన్ని రోజుల ముందే బోయింగ్ అధిపతి డెన్నిస్ మ్యూలెన్‌బర్గ్, కొన్ని సందర్భాల్లో పద్ధతులు పూర్తిగా పాటించలేదని విలేకరులకు చెప్పాడు. ఇథియోపియన్ పైలట్లు మాత్రం చెప్పిన స్విచ్‌లు ఆపారు. ఆపాక చేత్తో చక్రం తిప్పి విమానాన్ని సరిచెయ్యాలి. ఆ వేగంలో ఆ చక్రం తిరగలేదు.

లయన్ ఎయిర్ విషయంలో ఇంకో సంగతి నన్ను వదలదు. ఆ సంస్థ 2017లో మ్యాక్స్ కోసం తమ పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ కావాలేమోనని అనుకుంది. ఆ అవసరం లేదని చెప్పించడానికి బోయింగ్ ఉద్యోగులు పాటుపడ్డారు. అలా అడగడమే తెలివితక్కువతనమని లోపల్లోపల లయన్ ఎయిర్‌ను తిట్టుకున్న మెసేజీలు 2020 జనవరిలో బయటపడ్డాయి. అడిగినందుకు ముందే తెలివితక్కువవాళ్ళన్నారు. పోయాక శిక్షణ లేనివాళ్ళన్నారు.

2021లో బోయింగ్ అమెరికా న్యాయశాఖతో 250 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం కుదుర్చుకుని విచారణ వాయిదా వేయించుకుంది. మొత్తం వ్యవహారంలో క్రిమినల్ కేసు ఎదుర్కొన్న వ్యక్తి ఒకే ఒక్కడు, మార్క్ ఫోర్క్‌నర్. ఆయన ఉద్యోగమేమిటో తెలుసా? మ్యాక్స్ ప్రాజెక్టు చీఫ్ టెక్నికల్ పైలట్. ఇక్కడా పైలటే దొరికాడు! 2022 మార్చిలో టెక్సస్ జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. పైలట్లు తప్పులు చెయ్యరా? చేస్తారు. ఘోరమైనవే చేస్తారు. 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం నివేదిక చదివితే కెప్టెన్‌ను వెనకేసుకు రావాలని నాకూ అనిపించదు. రెండు గంటల కాక్‌పిట్ రికార్డింగులో గంటన్నరకు పైగా ఆయన నిద్రలో ఉన్నాడు, గురక వినిపిస్తుంది. దిగేటప్పుడు ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉన్నాడు. పక్కనున్న కో-పైలట్ గో-అరౌండ్ అని మూడుసార్లు అన్నాడు. అంటే దిగొద్దు, మళ్ళీ పైకి లేపండి అని. కెప్టెన్ వినలేదు. 8,000 అడుగుల రన్‌వేలో 5,000 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి.

ఇక్కడ ఆపేస్తే అంతా సరిపోయింది, పైలట్ తప్పిదం. కానీ మూడుసార్లు అన్న ఆ కో-పైలట్ చెయ్యి ఎందుకు కదల్లేదు? ఆయనకు అర్థమైంది, భయమేసింది, నోరు కూడా తెరిచాడు. కంట్రోల్స్ మాత్రం తీసుకోలేదు. దీనికి జవాబు నివేదికలోనే ఒక మూల ఉంది. గో-అరౌండ్ మొదలుపెట్టే అధికారం కో-పైలట్‌కు ఉందా లేదా అన్నదాని మీద ఉన్న రకరకాల ఉత్తర్వుల్లో స్పష్టత లేదట. బహుశా అందుకే ఆయన అనడం దగ్గరే ఆగిపోయి ఉంటాడని విచారణ సంఘం రాసింది. ఆ ఉత్తర్వులు రాసింది కెప్టెన్ కాదు. ఆ రోజు మంగళూరులో పని చెయ్యని రాడార్ కూడా కెప్టెన్‌ది కాదు. రాడార్ లేకపోవడం వల్ల విమానాన్ని కిందికి దిగనివ్వడం మామూలుకంటే ఆలస్యమైంది. నిద్రమత్తు కెప్టెన్‌ది. ఆ మత్తును పట్టుకుని ఆపాల్సిన ఏర్పాట్లు మాత్రం ఇతరులవి.

పదేళ్ళకు కోళికోడ్. 2020 ఆగస్టు 7, వాన, వెనక నుంచి గాలి, కెప్టెన్ వైపు అద్దం తుడిచే వైపర్ మధ్యలో ఆగిపోయింది. విమానం రన్‌వే దాటి లోయలోకి జారింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. పద్ధతులు పాటించకుండా దింపాడని నివేదిక చెప్పింది, అది నిజం. అదే నివేదిక ఇంకో మాట చెప్పింది. కోళికోడ్‌లో సరిపడా కెప్టెన్లను పెట్టలేదు, మర్నాడు పొద్దున్నే విమానం నడపాల్సింది ఆయనే, వేరే ఊళ్ళో దిగితే ఆ విమానం ఆగిపోతుంది. ఆ ఆలోచనే ఆయన్ని అక్కడే దిగేలా నెట్టిందని రాశారు. రోస్టర్ తయారుచేసేవాడు కాక్‌పిట్‌లో కూర్చోడు. అయినా ఆ రాత్రి కాక్‌పిట్‌లో ఆయన పాత్రా ఉంది.

జర్మనీ విమాన సంస్థ జర్మన్‌వింగ్స్ సంగతేంటని అడగొచ్చు. 2015 మార్చిలో కో-పైలట్ కావాలనే విమానాన్ని కొండకేసి కొట్టాడు, 150 మంది పోయారు. వాదన అక్కడ ఆగిపోవాలి కదా? ఫ్రెంచి దర్యాప్తు సంస్థ ఆగలేదు. అతను జబ్బు ఎందుకు దాచాడని అడిగింది. చెబితే లైసెన్సు పోతుంది, బతుకుతెరువు పోతుంది, శిక్షణకు చేసిన అప్పు మిగులుతుంది. నిజం చెప్పినవాడికి నష్టం తప్ప ఇంకేమీ లేని పద్ధతి అది. అతని నేరం దాంతో చిన్నదైపోదు. కానీ అలాంటి ఇంకో పైలట్ ఇవాళ డాక్టరు ముందు కూర్చుని ఏం చెబుతాడన్నదే ప్రయాణికులుగా మనకు పనికొచ్చే ప్రశ్న.

అందుకే భద్రతా సంస్కృతి అంటే నాకు పోస్టర్లు, నినాదాలు, ఏటా జరిపే వారోత్సవాలు గుర్తురావు. చెడ్డ కబురు చెప్పినవాడికి మర్నాడు ఏమవుతుందన్నదే గుర్తొస్తుంది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ అనే అమెరికా సంస్థ 514 నంబరు విమానం వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ కొండను గుద్దుకుంది, 92 మంది పోయారు. దిగడానికి అనుమతి ఉంది అన్న మాటను కంట్రోలర్లు ఒకలా, పైలట్లు ఇంకోలా అర్థం చేసుకున్నారు. అసలు బాధ ఏంటంటే, ఆరు వారాల ముందు యునైటెడ్ విమానం ఒకటి అదే చోట, అదే అపార్థంతో, అదే కొండను కొద్దిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీలో చెప్పారు. కంపెనీ తన పైలట్లందరికీ చెప్పింది. టీడబ్ల్యూఏ పైలట్లకు చెప్పే దారి మాత్రం ఎక్కడా లేదు.

ఆ దెబ్బతో 1976లో ఏఎస్ఆర్ఎస్ అనే ఏర్పాటు వచ్చింది. పైలట్, కంట్రోలర్, మెకానిక్ ఎవరైనా జరిగిన పొరపాటు రాసి పంపొచ్చు, పేరు తీసేస్తారు. దాన్ని నడిపేది శిక్షలు వేసే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కాదు, నాసా. ఈ చిన్న మెలికలోనే అంతా ఉంది. బెత్తం పట్టుకున్నవాడి చేతికి ఎవడూ తన తప్పు రాసివ్వడని వాళ్ళకు అర్థమైంది. లక్షల కొద్దీ రిపోర్టులు వచ్చాయి, వస్తున్నాయి.

ఇక చెప్పినవాడి కథ ఒకటి. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ మెకానిక్ జాన్ లియోటీన్. 1997 సెప్టెంబరులో ఆయన షిఫ్టు ఒక ఎండీ-83 తోకలోని జాక్‌స్క్రూను కొలిచింది. తోక మీది అడ్డరెక్కను పైకీ కిందికీ కదిలించే పొడవాటి మర అది. దానికి బిగించిన నట్టు అరిగేకొద్దీ వదులు పెరుగుతుంది. అనుమతించే హద్దు అంగుళంలో వెయ్యింట నలభై వంతులు. కొలత సరిగ్గా నలభై వచ్చింది. నట్టు మార్చమని ఆయన కాగితం మీద రాశాడు. తర్వాతి షిఫ్టు ఆ మాట కొట్టేసి, మళ్ళీ కొలిచి, ముప్పై మూడు వచ్చిందని రాసి విమానాన్ని పంపేసింది. దానికి గ్రీజు పెట్టే గడువునూ, కొలిచే గడువునూ కంపెనీ సాగదీసుకుంటూ పోయింది, నియంత్రణ సంస్థ ఒప్పుకుంటూ పోయింది.

1998లో లియోటీన్ అక్కడి నిర్వహణ పనుల గురించి ఎఫ్ఏఏకి చెప్పాడు, సోదాలు జరిగాయి. తర్వాత ఆయన్ని సెలవు మీద ఇంట్లో కూర్చోబెట్టారు. 2000 జనవరి 31న అదే విమానం, అదే నట్టు. నట్టు లోపలి మరలు పూర్తిగా అరిగి ఊడిపోయి విమానం పసిఫిక్‌లో పడింది, 88 మంది. పైలట్లు చివరిదాకా, విమానం తలకిందులైనా, దాన్ని నడపడానికే చూశారని రికార్డింగు చెబుతుంది. ఈసారి వాళ్ళ మీద నెట్టడానికి వీల్లేకపోయింది. లియోటీన్ తన పరువు తీశారని కంపెనీ మీద దావా వేశాడు, 2001లో రాజీ కుదిరింది. పరువు నష్టం చట్టం చెప్పినవాడి వైపు పనిచెయ్యడం అరుదు. అందుకే ఇది ఇంత వివరంగా చెప్పాను.

మామూలుగా ఆ చట్టం ఎటు నడుస్తుందో అందరికీ తెలుసు. లీగల్ నోటీసు పంపేవాడికి కేసు నెగ్గాల్సిన పనిలేదు. కేసు నడిస్తే చాలు. కంపెనీకి లాయర్ల ఖర్చు బ్యాలెన్స్‌షీట్‌లో కనపడని పద్దు. అందుకున్నవాడికి అది ఇల్లు, నిద్ర, ఉద్యోగం. ఐర్లండ్ విమాన సంస్థ రైయనేర్ పైలట్ల సంఘానికి చెందిన ముగ్గురు 2013లో తోటి పైలట్లకు పంపిన ఒక ఈమెయిల్ మీద ఆ సంస్థ పరువు నష్టం దావా వేసింది. ఆ ఈమెయిల్ భద్రత గురించి కాదు, కంపెనీ షేర్ల గురించి. 2017 డిసెంబరులో డబ్లిన్ జ్యూరీ పంపినవాళ్ళలో దురుద్దేశం లేదంది, రైయనేర్ ఓడింది. ఓడితే ఏమైంది? నాలుగేళ్ళు గడిచాయి. ఆ నాలుగేళ్ళూ ఈమెయిల్ పంపాలనుకున్న ప్రతి పైలట్ ఆ ముగ్గురి వంకా చూసి ఉంటాడు.

మన దగ్గర ఎయిర్ ఇండియా పతనం గురించి ఆ సంస్థ మాజీ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ జితేందర్ భార్గవ 2013లో పుస్తకం రాస్తే, పౌర విమానయాన శాఖ మాజీ మంత్రి ప్రఫుల్ పటేల్ పరువు నష్టం కేసు పెట్టారు. కోర్టు తేల్చకముందే, 2014 జనవరిలో ప్రచురణకర్త పుస్తకాన్ని వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పాడు. రచయిత వెనక్కి తగ్గలేదు, తర్వాత సొంతంగా వేసుకున్నాడు. గమనించండి, లొంగింది రాసినవాడు కాదు, అచ్చువేసినవాడు. నోటీసుల గురి ఎప్పుడూ గొలుసులో బలహీనమైన లంకె మీదే. రాసేవాడికి పంతం ఉంటుంది, ప్రచురించేవాడికి అద్దె కట్టాల్సిన ఆఫీసు ఉంటుంది.

కంపెనీలకు మాత్రం పరువు ఉండదా అంటే ఉంటుంది. ఇంజన్ గురించి అబద్ధం రాసి భయపెడితే వాళ్ళు కోర్టుకు పోవడంలో తప్పులేదు. నేను చూసే తేడా చాలా మామూలుది. నిజంగా పరువు పోయిందనుకున్నవాడు వాస్తవం ముందు పెడతాడు, ఈ రికార్డు చూడండి, ఈ తేదీ తప్పు అంటాడు. నోరు మూయించాలనుకున్నవాడు రికార్డు చూపించడు, రాసింది తీసెయ్యమంటాడు, కోట్లు అడుగుతాడు, విచారణ మొదలవకముందే ఏకపక్షంగా స్టే తెచ్చుకుంటాడు. ఆ ఏకపక్షపు ఉత్తర్వుల గురించి 2024 మార్చిలో సుప్రీంకోర్టు బ్లూమ్‌బెర్గ్, జీ కేసులో గట్టిగానే చెప్పింది. పూర్తి విచారణ లేకుండా వ్యాసాన్ని ఆపెయ్యడం రాసేవాడి హక్కుకూ, తెలుసుకునే జనం హక్కుకూ దెబ్బ అని. అదే ఏడాది యూరోపియన్ యూనియన్ ఇలాంటి బెదిరింపు దావాల మీద ఏకంగా ఒక ఆదేశం తెచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. పైగా పరువు నష్టం ఇంకా క్రిమినల్ నేరమే, రెండేళ్ళ దాకా జైలు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలి, విమానంలోనూ కిందా కలిపి 260 మంది చనిపోయాక ఈ రెండు దారులూ ఒకే చోట కలిశాయి. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదికలో రెండు ఇంజన్ల ఇంధనం స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కు మారాయని ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగినట్టు, నేను ఆపలేదని రెండో పైలట్ అన్నట్టు ఉంది. ఎవరు అడిగారో, ఎవరు జవాబిచ్చారో నివేదిక చెప్పలేదు. ఆ ఖాళీని కొందరు గంటల్లో నింపేశారు, విదేశీ పత్రికల్లో కెప్టెన్ వైపు వేళ్ళు చూపిస్తూ కథనాలు వచ్చాయి. చివరికి కెప్టెన్ తండ్రి సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సివచ్చింది. ప్రాథమిక నివేదికలో పైలట్‌ను తప్పుపట్టే మాట లేదని నవంబరులో కోర్టు ఆయనకు చెప్పింది. కొడుకు పోయిన ముసలాయన ఏడాది తిరక్కుండానే లాయర్ని పెట్టుకోవాల్సి రావడం దర్యాప్తు వ్యవస్థకు గౌరవం కాదు. రెండు ముక్కల సంభాషణను విడిగా, సందర్భం లేకుండా విడుదల చేస్తే ఇలాగే అవుతుంది. పూర్తిగా ఇవ్వాలి, లేదా ఏమీ ఇవ్వకూడదు.

పైలట్ల సమాఖ్య ఆ పత్రికలకు లీగల్ నోటీసులు పంపింది. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, అయినా ఆ పని నాకు నచ్చలేదు. కంపెనీ నోటీసు తప్పయితే సంఘం నోటీసూ తప్పే. ప్రశ్నలడిగి, ఆ వాక్యానికి ఆధారం ఎక్కడుందో చూపించమని బహిరంగంగా నిలదీస్తే చాలు. రేపు ఏ కంపెనీయో ఇదే ఉదాహరణ చూపించి ఏ పైలట్‌కో నోటీసు పంపదని ఏమిటి నమ్మకం?

స్విచ్‌లు మనిషే కదిపాడని రేపు తేలొచ్చు, తేలకపోవచ్చు. తేలినా ఆ వాక్యం తర్వాత ఇంకెన్ని పేజీలు ఉన్నాయన్నదే నేను చూస్తాను. ఆ సిబ్బంది ముందు నెల డ్యూటీలు ఎలా ఉన్నాయి, అలసటగా ఉందని రాసిచ్చిన పైలట్లకు కంపెనీ ఏం జవాబిచ్చింది, ఆ విమానం మీద నమోదైన లోపాలను ఎవరు మూసేశారు, మానసికంగా బాగాలేదని చెప్పుకునే పైలట్‌కు ఉద్యోగం మిగులుతుందా. ఈ జవాబులు బ్లాక్ బాక్స్‌లో ఉండవు. రోస్టర్ వేసేవాళ్ళ దగ్గర, హ్యాంగర్‌లో రాత్రి షిఫ్టు చేసే ఇంజనీర్ల దగ్గర ఉంటాయి. వాళ్ళు మాట్లాడితేనే ఆ పేజీలు నిండుతాయి.

మాట్లాడితే కాపాడటానికి ఒక చట్టం ఉంది, పేరుకి. విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టానికి 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఉండిపోయింది. అదీగాక అది రాసింది ప్రభుత్వోద్యోగుల మీద వచ్చే ఫిర్యాదుల కోసం. ప్రైవేటు విమానయాన సంస్థ హ్యాంగర్‌లో అరిగిన నట్టు చూసిన మెకానిక్ తన కంపెనీ మీద నోరు విప్పితే, ఆ చట్టం రేపు అమల్లోకి వచ్చినా అతనికి పనికిరాదు.